వాతాపి ఎఱ్ఱరాళ్లు

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఏదైన ఒక యాత్రను గూర్చి అరగంటకు మించకుండ మాటలాడుమని మన కార్యదర్శిగారు నన్ను కోరిరి. నేను చరిత్ర పరిశోధకుడను గాను. భూగర్భశాస్త్రము చదివినవాడనును గాను. బి.ఏ.లో చరిత్ర చదివి, పిమ్మట ఇరువది యేండ్లుగా సచివాలయములో నోటు మీద నోటు వ్రాయుచు జుట్టు నెరపించుకొన్నవాడను. కావున నేను చెప్పబోవు కొండలు ఒక ఫైళ్ల మనిషి చూచిన కొండలని తలంచి వినవలెను. ఇందులో నాకు గర్వకారణము గాని సంగతి యొకటి కలదు. దానిని దాటవేసి, తక్కిన విశేషములు చెప్పి కూర్చుండవలెనని మొదట అనుకొంటిని. అది సాగలేదు. దాని చోటు వచ్చినపుడు చెప్పెదను.

మా ప్రయాణమునకు మూలము ప్రకృతిప్రేమ కాదు. ఎల్.టీ.సీ. బ్లాకు ముగియుటకు ఒక్క నెల మిగిలియుండెను. ఆ నెలలో ప్రభుత్వోద్యోగి యింట పుట్టు యాత్రాసక్తి యెట్టిదో ఈ సభకు నేను వివరింప నక్కఱలేదు. నా భార్య సముద్రతీర మనెను. పదేండ్ల మా అబ్బాయి మంచుకొండ లనెను. నేను బాదామి అంటిని. "అదెక్కడ?" అని ఇద్దరును ఒక్కసారే యడిగిరి. కర్ణాటకమున బాగలకోటె జిల్లాలో నున్నదనియు, దాని పాతపేరు వాతాపి యనియు చెప్పితిని. అంతవఱకు మూల కుర్చీలో జపమాల త్రిప్పుచున్న మా అమ్మ కన్నులు తెఱచి, "వాతాపంటే మన వాతాపేనా?" అని యడిగెను.

మన వాతాపి! ఆ మాట నాకు మిక్కిలి నచ్చెను. పసిబిడ్డకు కడుపు నిండ పాలు పట్టి, పొట్ట నిమురుచు "జీర్ణం జీర్ణం, వాతాపి జీర్ణం" అనని తెలుగు ముసలమ్మను నేను చూడలేదు. ఇల్వలుడు తమ్ముడైన వాతాపిని మేకగా మార్చి వండి అతిథులకు పెట్టుటయు, భోజనమైన పిదప "వాతాపీ, రమ్ము" అని పిలుచుటయు, వాడు అతిథి పొట్ట చీల్చుకొని వచ్చుటయు, అగస్త్యునియొద్ద మాత్రము ఆ యాట సాగక వాడు కడుపులోనే జీర్ణమై పోవుటయు భారతములో అరణ్యపర్వమందలి కథ. మా అమ్మ ఢిల్లీకి వచ్చి పదేండ్లైనది. యమునయు కుతుబ్ మీనారును ఆమెకు నేటికిని పరాయివే. కన్నడదేశమందలి యీ రాక్షసుడు మాత్రము చుట్టము. యాత్ర నిశ్చయమయ్యెను.

బాదామి యనుటకు నాకు వేఱొక కారణము కూడ కలదు. దానిని ఇంటిలో ఎవ్వరికిని చెప్పలేదు. ఇరువదియైదేండ్ల క్రిందట, అనంతపురము జిల్లాలో డిగ్రీ చదువుచున్న కాలమున, విద్యార్థుల విహారయాత్రలో హంపితో పాటు ఈ ఊరు చూచియుంటిని.

హుబ్బళ్ళిలో రైలు దిగి, మోటారులో నవలగుంద, నరగుందల మీదుగ నూరు కిలోమీటర్లకు పైగా పోవలెను. దారి పొడవున నల్లరేగడి నేల, జొన్నచేలు, సెనగచేలు; చెట్టు అరుదు. కన్ను ఆ నలుపునకును ఆ సమతలమునకును అలవాటుపడి కునుకు తీయబోవు వేళ నేల రంగు మారును. ముందు దారి ప్రక్క మన్ను ఎఱుపెక్కును. పిదప అక్కడక్కడ బండలు తలలెత్తును. చివరకు ఊరి యిండ్ల కప్పుల వెనుక నిట్టనిలువుగ ఎఱ్ఱని రాతిగోడ లేచి నిలుచును. చూచి యుండినవాడనే యైనను నేను కారు అద్దము దించి తల బయటపెట్టితిని.

రెండు కొండలు, నడుమ ఒక చెఱువు. చెఱువునకు అగస్త్యతీర్థమని పేరు. దక్షిణపు కొండలో గుహాలయములు కలవు. ఉత్తరపు కొండ మీద పాతకోటయు శివాలయములును ఉన్నవి. తూర్పు కొసను నీటి యొడ్డున భూతనాథుని గుడి. పడమటి దిక్కున ఊరు. వానకాలమున కొండమీది నీరు జంటధారలై దూకునట. వానిని అక్కాతంగి యందురు, అనగా అక్కాచెల్లెండ్రు. మేము పోయినది డిసెంబరు గనుక ధారలు లేవు, అవి కారిన నల్లని చారలు మాత్రము కనబడెను.

ఎఱుపు అని ఒక్కమాటలో చెప్పుట సులభము. కాని అచ్చట ఉన్నది ఒక్క ఎఱుపు కాదు. ప్రొద్దుట అది పాత ఇటుక రంగు. మిట్టమధ్యాహ్నమున కుంకుమలో సున్నము కలిపినట్లు వెలవెలబోవును. సాయంకాలము పడమటి యెండ ఊరి మీదుగ వచ్చి కొండకు తగిలినపుడు కడిగిన రాగిచెంబు వలె మెఱయును. పొర క్రొత్తగ విఱిగిపడిన చోట లేత గులాబియు, ఒకచో పసుపును కానవచ్చును. ఊరి పేరు బాదంపప్పు రంగును బట్టి వచ్చినదని అచ్చట పలువురు చెప్పుదురు. వినుటకు బాగున్నది గాని నమ్మరాదు. పాత శాసనములలోనే వాతాపి, బాదావి యను రూపములు కలవు.

ఈ రాయి ఇసుకరాయి. యాబది కోట్ల ఏండ్లకు మించిన పూర్వకాలమున, నేలమీద చెట్టుగాని నీటిలో చేపగాని పుట్టక ముందు, నీటి ప్రవాహములు తెచ్చి పఱచిన ఇసుక పొరమీద పొరగ గట్టిపడి యిట్లైనది. రేణువులను చుట్టిన ఇనుపతుప్పే ఈ యెఱుపు. గోడకు దగ్గఱగ నిలిచి చూచినచో పొరలు పుస్తకపు పుటల వలె అడ్డముగ నుండును. కొన్ని పొరలలో మాత్రము సన్నని గీతలు ఏటవాలుగ పోవును. ఆనాటి నీరు ఇసుకను తోసికొనిపోయిన వాలు ఆ గీతలలో నిలిచిపోయినది. "ఏ నది, నాన్నా?" అని మా అబ్బాయి యడిగెను. పేరు పెట్టుటకు అప్పటికి మనిషి లేడంటిని. ఆ జవాబు వానికి చాలలేదు. నాకును చాలలేదు.

గట్టిపడిన ఆ ఇసుక తిరిగి ఇసుకగా మారుచునే యున్నది. నిలువు పగుళ్లలో వాననీరు దిగును. రేణువులను పట్టియుంచు బంధకమును కొంచెము కొంచెముగ కరిగించును. నీటితో వచ్చిన ఉప్పు రాతిలోపల ఎండి పొంగి రేణువులను విడదీయును. గాలి వానిని ఊడ్చుకొనిపోవును. గోడల మీద తేనెపట్టు వంటి గుంటలు ఏర్పడుట యిందువలననే. పగుళ్లు వెడల్పై, బండలు విడివడి, కొన్ని గోపురముల వలెను, కొన్ని ఒరిగిన గాదెల వలెను నిలిచినవి. అయితే రాతి బయటి పొర మాత్రము ఎండకు వానకు గట్టిపడి, చర్మము వలె లోపలి మెత్తని భాగమును కాపాడుచుండును. ఈ చర్మము సంగతి మీరు గుర్తుంచుకొనవలెనని నా మనవి.

మన గండికోటలో పెన్న కోసిన లోయను చూచినవారికి ఈ రంగు, ఈ పొరలు కొంత పరిచితముగ తోచును. కాని గండికోటలో చూపు క్రిందికి పోవును. బాదామిలో పైకి పోవును.

గుహలు నాలుగు. మొదటిది శివునిది, రెండును మూడును విష్ణువువి, నాల్గవది జైనులది. కట్టినవి కావు, కొండను తొలిచినవి. ఉలికి లొంగు రాయి యగుటచేతనే ఇంత పని సాధ్యమైనది. మొదటి గుహ వెలుపల పదునెనిమిది చేతుల నటరాజు కలడు. నా భార్య ఆ చేతులను రెండుమాఱులు లెక్కించి ఒకసారి పదునేడని, ఒకసారి పందొమ్మిదని తేల్చెను. మా అమ్మ అంతవఱకు మాత్రమే మెట్లెక్కి, అచ్చటనే కూర్చుండి, కోతుల నుండి అరటిపండ్ల సంచిని కాపాడుకొను పనిలో పడెను, కాపాడలేకపోయెను. మూడవ గుహ అన్నిటిలో పెద్దది. మంగళేశుడు దానిని చెక్కించినట్లు శకము 500, అనగా క్రీ. శ. 578 నాటి శాసన మందే కలదు. శేషునిపై కూర్చున్న విష్ణువును, వరాహమూర్తిని, కప్పున మిగిలిన రంగుల ఛాయలను అచ్చట చూడవలెను. వర్ణింప పూనుకొన్నచో కార్యదర్శిగారి అరగంట చాలదు. లోపలి శిల్పములు నిన్న మొన్న చెక్కినట్లున్నవి. వానజల్లు తగులు వైపున నున్న కొన్నిటి యంచులు అరిగి, ముఖకవళికలు మాసిపోయినవి.

ఈ బండలతో మనకు గల సంబంధము ఒక్క రాక్షసుని కథ మాత్రమే కాదు. క్రీ. శ. 543లో మొదటి పులకేశి ఈ కొండను దుర్గముగ చేసికొనెనని ఇచ్చటి రాతిశాసనము చెప్పుచున్నది. ఆయన మనుమడు రెండవ పులకేశి. ఆ రెండవ పులకేశి తమ్ముడు కుబ్జవిష్ణువర్ధనుడు వేంగికి వచ్చి నిలిచిపోయెను. అతని సంతతియే తూర్పు చాళుక్యులు. నన్నయచేత భారతమును తెలిగింపించిన రాజరాజ నరేంద్రుడు ఆ వంశమువాడే. ఇచ్చటి పాత శాసనముల లిపి కూడ తెలుగు లిపికిని కన్నడ లిపికిని తల్లి వంటిది. తెలిసినవారు చూపించినచో ఒకటి రెండక్షరములు మనమును గుర్తుపట్టగలము.

క్రీ. శ. 642లో పల్లవరాజు నరసింహవర్మ రెండవ పులకేశిని ఓడించి ఈ నగరమును పట్టుకొనెను. పట్టుకొన్నవాడు ఊరకుండలేదు, తన విజయమును ఇచ్చటి బండమీదనే చెక్కించెను. ఆ శాసనము ఇప్పుడు చాల మేరకు చెడిపోయినది.

రెండవనాటి ఉదయమున మా అమ్మను చెఱువు మెట్ల మీద నీడలో కూర్చుండబెట్టి, మేము ముగ్గురము ఉత్తరపు కొండ యెక్కితిమి. ఈ దారిని నేను జన్మలో మఱవలేను. రెండు ప్రక్కల నాలుగైదు మేడల యెత్తున ఎఱ్ఱని గోడలు. నడుమ మనిషి పట్టునంత సందు. కొన్నిచోట్ల చేతులు చాచినచో రెండు గోడలును తగులును. ఊరి చప్పుడు ఒక్కసారిగ ఆగిపోవును. పైన ఆకాశము నీలపు పట్టె వలె కనబడును. రాయి చల్లగ నుండును. పావురముల రెక్కల చప్పుడు గోడనుండి గోడకు తగిలి పెద్దదై వినబడును. కొండలు చూచుటకు మాత్రమే పోవువారు గుహలు వదలినను వదలవచ్చును గాని ఈ సందులు వదలరాదు.

ఆ చల్లదనములో నా నడక మందగించెను. ఏల యనగా, గోడలమీద చేయి అందునంత యెత్తున పేర్లు మొదలైనవి. కన్నడము, హిందీ, ఇంగ్లీషు. ఊళ్ల పేర్లు, సంవత్సరములు, బాణము గ్రుచ్చిన హృదయములు. నేను కోరి వచ్చిన మలుపు దగ్గఱపడుచుండెను. అది చెఱిగిపోయి యుండవలెనని ఒక మనస్సు, ఉండవలెనని ఒక మనస్సు. రెండవ మనస్సు ఉండెనని ఈ సభలో ఒప్పుకొనుచున్నాను.

మన సంఘము ఆదివారములలో నడుపు తెలుగు తరగతికి మా అబ్బాయి ఏడాదిగా వచ్చుచున్నాడు. తెలుగక్షరము కనబడినచో చదువక విడువడు. నూనెడబ్బాపై నున్నదైనను చదువును. వాడు ముందు పరుగెత్తి, "ఇక్కడ తెలుగుంది!" అని కేకవేసెను. వ్రేలు పెట్టి ఒక్కొక్క అక్షరము కూడబలుకుకొని మూడక్షరములు చదివెను. వెనుకకు తిరిగి, "నాన్నా, ఇది నీ పేరు!" అనెను.

"ఆ పేరు చాలామందికి ఉంటుంది" అంటిని.

వాడు మఱల గోడవైపు తిరిగి, క్రింది వరుసలో మా ఇంటిపేరులోని మొదటి యక్షరమును, దాని ప్రక్కన అనంతపురమును చదివెను. ఈసారి వెనుకకు తిరుగలేదు. నా భార్య నన్ను ఒకమాఱు చూచి, వానికి మంచినీళ్ల సీసా అందించెను.

దగ్గఱకు పోయి చూచితిని. పందొమ్మిదేండ్ల వయస్సున స్నేహితుల ముందు జేబుకత్తితో నేను గీసిన గీత గడ్డిపోచంత వెడల్పు. ఇప్పుడు నా చిటికెనవ్రేలు అందులో దూరినది. రెండవ యక్షరము క్రింద అఱచేయంత మేర పొర ఊడిపోయియుండెను. నేను చెప్పిన చర్మము అది. చర్మము తెగిన చోట లోపలి మెత్తని రాయి ఇరువదియైదు వానకాలములుగ కరుగుచు వచ్చినది. వ్రేలితో తాకగా ఇసుక జలజల రాలి నా బూటుమీద పడెను.

ఇంతలో దారి ఊడ్చుచున్న ఒక వృద్ధుడు వచ్చి, మేము ఆ పేర్లను చూచుచుండుట గమనించి కన్నడములో మాటలాడెను. నాకు అర్థమైనది ఇది: నీళ్లు పోసి తుడిచినను ఇవి పోవు, గీకినచో ఇంక కొంత రాయి పోవును, సున్నము పూసినచో మచ్చ మిగులును, ఏమి చేయుటకును లేదు. ఈ పేర్లవాళ్లు ఏ ఊళ్లోనో హాయిగ నుందురు, ప్రొద్దున లేచి చూడవలసినది నేను, అని నవ్వెను. అతడు మా అబ్బాయి తల నిమిరి, "నీవు వ్రాయకు" అని చెప్పి ముందుకు పోయెను. ఇది మా నాన్న పేరే అని చెప్పుటకు వానికి ఆ క్షణములో నాలుగు అడుగుల దూరము కూడ లేదు. వాడు చెప్పలేదు. నేనును చెప్పలేదు.

రక్షిత కట్టడములకు హాని చేసినవారికి విధించు శిక్షను 2010లో పెంచిరి. 1958 నాటి చట్టములో మూడు నెలల ఖైదు, లేదా అయిదువేల రూపాయల జరిమానా యని యుండినది, రెండేండ్లు, లక్షరూపాయలు అయ్యెను. నేను గీసిన బండ ఆ రక్షిత స్థలపు హద్దులో చేరునా చేరదా యని ఫైలులో నాలుగు పుటలు వాదింపగలను. ఆ విద్యలో నాకు అనుభవము కలదు. నరసింహవర్మ చేసినదే నేనును చేసితినని కూడ అనవచ్చును. గుహలను తొలిచిన పనివారివని పండితులు చెప్పు పేర్లు కూడ ఇచ్చటి రాతిమీద కలవు గదా యని మఱియొక పేరా చేర్చవచ్చును. కొండ దిగునంతసేపు నేను మనస్సులో ఆ నోటునే వ్రాసికొంటిని. పై శివాలయపు గోడలమీద రామకథ, కృష్ణకథ చెక్కియున్నవి. వానిని చూచితినే గాని ఏమి చూచితినో నాకు తెలియదు. కావున ఆ శిల్పములను గూర్చి మీకు చెప్పలేకపోవుచున్నాను.

ఆ సాయంకాలము భూతనాథాలయము మెట్లమీద నలుగురము కూర్చుంటిమి. ఎదుట నీరు, నీటిలో తలక్రిందులుగ ఎఱ్ఱకొండ. గాలి వీచినపుడు కొండ చెదరి మఱల కూడుచుండెను. అప్పుడు చెప్పితిని. అది నా పేరేననియు, నేనే గీసితిననియు. మా అమ్మ విని కొంతసేపు నీళ్లవైపు చూచి, "అన్నీ జీర్ణమవుతాయి గానీ, ఇది మాత్రం జీర్ణం కాలేదురా నాయనా" అనెను.

మా అబ్బాయి అడిగినది వేఱు. "రాసినప్పుడు నువ్వు చిన్నవాడివి. పొద్దున నేనడిగితే కాదని ఎందుకన్నావు?" అనెను. నోటులో నేను వ్రాసికొన్న పేరాలలో దేనిలోను దీనికి జవాబు లేదు. భయపడితినని చెప్పితిని. "ఎవరికి?" అనెను. "నీకే" అంటిని. వాడు ఒక చిన్న రాయి తీసి నీటిలోనికి విసరి, దాని అలలు ఒడ్డు చేరువఱకు మాటలాడలేదు.

మఱునాడు బనశంకరి గుడికి పోతిమి. బాదామికి అయిదు కిలోమీటర్ల దూరము. మన దేవాంగులలో పలువురికి ఆ తల్లి ఇలవేల్పు. గుడి ముందు ఆడువారు బుట్టలలో జొన్నరొట్టెలు, గట్టి పెరుగు, కారపుపొడి తెచ్చి చెట్టు నీడలో కూర్చుండబెట్టి వడ్డింతురు. ఢిల్లీలో రొట్టె యనగానే మొగము ముడుచుకొను మా అమ్మ రెండు తిని మూడవది అడిగెను. మీలో ఎవరైన పోదలచినచో అక్టోబరు మొదలు ఫిబ్రవరి లోపల పొండు. ఎండకాలమున ఆ రాయి పెనము. ముసలివారిని ఉత్తరపు కొండ యెక్కింపవలదు. చేతిలో తినుబండారము లుంచుకొనవలదు. కనీసము రెండు సాయంకాలములు ఆ చెఱువుగట్టున గడుపుటకు వీలు చేసికొనుడు. ఒక్క పూటలో చూచి పట్టదకల్లునకు పరుగెత్తువారు కొండ రంగు మారుట చూడక పోవుదురు.

రైలులో మా అబ్బాయి తన పుస్తకములో కొండ బొమ్మ గీసెను. ఎఱ్ఱ పెన్సిలు సగమునకు అరిగినది. గోడలు, సందు, పావురములు అన్నియు వేసినాడు. పేర్లున్న చోటును ఖాళీగ వదలినాడు. అది మఱచిపోవుటయో కావలెననియో నేను అడుగలేదు.

మొన్నరాత్రి ఈ ప్రసంగము వ్రాయుచుండగా వాడు వెనుక నిలిచి, "అది కూడా చెప్తావా?" అని యడిగెను. చూచెదనంటిని. ఇప్పుడు వాడు మూడవ వరుసలో వాళ్ల నాయనమ్మ ప్రక్కన కూర్చొనియున్నాడు.